శ్రీ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు – నాయకుల గృహజీవితము

(ధ్యానభాగములు: 2 సమూయేలు 11, 12 అధ్యాయములు, మార్కు 6:14–29, 1 తిమోతి 3:1–7)



దావీదు రాజు పతనమును చదువునప్పుడు మనము సాధారణముగా మిద్దె మీది చూపు దగ్గరనే ఆగిపోవుదుము. సమూయేలు రెండవ గ్రంథము 11వ అధ్యాయమును నిదానముగా చదివినయెడల అందులో ఎందరు పనివాండ్రున్నారో తెలియును. ఆమె యెవరో విచారించి వచ్చినవాడొకడు. ఆమెను తోడుకొని వచ్చిన దూతలు కొందరు. ఊరియాను యుద్ధభూమి నుండి పిలిపించిన ఆజ్ఞ ఒకటి. అతని చావును అతని చేతికే ఇచ్చి పంపిన ఉత్తరము ఒకటి. ఆ ఉత్తరము చొప్పున సేనను నిలిపినవాడు యోవాబు. ఒక పడకగది పాపమునకు ఒక రాజ్యపు కచేరి యంతయు పనిచేసెను. ఇక రాజుగారి స్వంత విషయమనుటకు అందులో ఏమి మిగిలినది?

ఈ సంగతి ఇప్పుడెందుకనగా, మన జిల్లాలలో ఎన్నికల కాలము వచ్చినప్పుడెల్ల, అది గ్రామ పంచాయతీకైనను పాస్టరేటు కమిటీకైనను, ఒకే సమాధానము వినుచున్నాము. ఆయనకు రెండవ కాపురమున్న మాట నిజమే గాని, బోరు వేయించెను గదా, రోడ్డు తెచ్చెను గదా, మందిరమునకు పైరేకులు ఇప్పించెను గదా, ఇంటి సంగతి మనకెందుకు అని. ఇట్లనువారు చెడ్డవారు కారు. వారు మేలు పొందినవారు. మేలు పొందిన నోటితో ప్రశ్న అడుగుట కష్టము.

ఇదే సమాధానమును 130 ఏండ్ల క్రిందట తెలుగుదేశమందు విని, దానికి లోబడని మనుష్యుడొకరు ఉండిరి. ఆయనే శ్రీ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. ఆయన బాప్తిస్మము పొందినవారు కారు, బ్రహ్మసమాజీయులు. మన పత్రికలో వారి జీవితమెందుకని కొందరడుగవచ్చును. నీనెవె వారు తీర్పు దినమున లేచి తనతరము వారిపై నేరము మోపుదురని ప్రభువు చెప్పిన సంగతిని జ్ఞాపకము చేసికొనినయెడల, బయటివాని నీతి మనకు అద్దము కాగలదని ఒప్పుకొనక తప్పదు.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణములో జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యములో సుబేదారు. తండ్రి ఉద్యోగమును బట్టి బాలుని చదువు చాందాలో మొదలైనది. మన సిర్పూరు, ఆసిఫాబాదు వైపు వారికి చాందా పరదేశము కాదు. నేడు కాగజ్‌నగరులో రైలెక్కి బల్లార్షా దాటినచో అదే చాందా, ఇప్పటి చంద్రపూరు. నాయుడుగారి బాల్యములో ఆ రైలుమార్గము లేదు. నది దాటి అడవిబాటను పోవుటే. తరువాత తండ్రికి హైదరాబాదునకు బదిలీ కాగా వారి పాఠశాల చదువు నిజాము నగరములో సాగెను. ఆ విధముగా హిందీ, ఉర్దూ, పారసీ భాషలు వారికి పట్టుబడెను. కనుక వారిని కోస్తావారు అనుట సగము నిజమే. మిగిలిన సగము మన వైపుదే.

పై చదువునకు మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లిరి. అక్కడ విలియం మిల్లరు దొరగారు ప్రిన్సిపాలు. ఆయన స్కాట్లండు మిషనరీ, గొప్ప బోధకుడు. శిష్యునిపై గురువు ముద్ర జీవితాంతము నిలిచెను. అయినను శిష్యుడు బ్రహ్మసమాజమందే చేరిరి. మిల్లరు దొరగారు దీనికెంత బాధపడిరో మేము చెప్పలేము గాని, విత్తనము చల్లినవాడు ప్రతి పైరును తన కొట్టుకే తెచ్చుకొనలేడు. ఆ తరువాత నాయుడుగారు మచిలీపట్టణపు నోబులు కళాశాలలో అధ్యాపకులైరి. రాబర్టు నోబులు దొరగారు 1843లో స్థాపించిన మిషను విద్యాలయమది. వారి శిష్యులలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు (1948లో కాంగ్రెసు అధ్యక్షులైనవారు), ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు ఉండిరి.

ఇక వారు పోరాడిన దురాచారమును గూర్చి చెప్పవలెను. ఆ దినములలో పెద్ద యింట పెండ్లి యనిన భోగము మేళము ఉండవలసినదే. జిల్లా అధికారికి విందు చేసినను మేళము ఉండవలసినదే. జమీందారునకు, ధనికుడైన వకీలునకు, ఉద్యోగిలో పై మెట్టువానికి ఉంపుడుగత్తె యుండుట అవమానము కాదు సరికదా, హోదాకు గురుతుగా నుండెను. పగలు సభలో దేశాభివృద్ధిని గూర్చి ఉపన్యసించినవాడు రాత్రి ఎచ్చటకు పోవునో ఊరంతటికిని తెలియును. అయినను సన్మానపత్రము చదువునప్పుడు ఎవ్వరును ఆ మాట ఎత్తరు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, లంచగొండులతోపాటు ఇట్టి పెద్దమనుష్యులను కూడ వీధికీడ్చిరి. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు గవర్నరునకును వైస్రాయికిని విన్నపము పంపి, ఇట్టి నాట్యములున్న విందులకు రావలదని వేడుకొనిరి. దొరలు ఒప్పుకొనలేదు. అందులో వారికి తప్పు కనబడలేదట.

మార్కు సువార్త 6వ అధ్యాయమును ఇక్కడ తెరచి చూడుడి. హేరోదు జన్మదినపు విందు. ప్రధానులు, సహస్రాధిపతులు, గలిలయ ప్రముఖులు కూర్చున్నారు. ఒక చిన్నది నాట్యమాడుచున్నది. ఆ సభలోని వారందరికి హేరోదు తన సహోదరుని భార్యను ఉంచుకొనెనని తెలియును. తెలిసియే భోజనము చేసిరి. ఆ సంగతిని ముఖముఖిగా చెప్పినవాడొక్కడే, వాడు చెరసాలలో నుండెను. వింత ఏమనగా, హేరోదు యోహాను మాటలను సంతోషముతోనే వినుచుండెను. నాయకునికి ప్రసంగము వినుట కష్టము కాదు. ప్రసంగీకుని ప్రాణముతో ఉంచుటే కష్టము.

నాయుడుగారి పోరాటము వీరేశలింగం పంతులుగారి పోరాటము వంటిది కాదు. పంతులుగారిది కొరడా, పరిహాసము. నాయుడుగారు పరిహసించువారు కారు. సంఘపవిత్రతోద్యమమని పేరుపొందిన పనిని వారు చేపట్టి, యువకులను కూడగట్టి, మేళమున్న పెండ్లికి పోవలదని, అటువంటి విందున కూర్చుండవలదని కోరిరి. ఈ విషయమై వారు వ్రాసిన వ్యాసమొకటి సి. వై. చింతామణిగారు 1901లో మద్రాసులో ప్రకటించిన సంఘసంస్కరణ గ్రంథములో చేరియున్నది. వారి ప్రధాన వాదము సులభమైనది. ప్రజల నమ్మకమును అడుగువాడు తన యింటిలో నమ్మకద్రోహిగా నుండరాదు. అపవిత్రముగా జీవించుచున్నాడని ఎరిగియు ఒకనిని వేదికమీద కూర్చుండబెట్టి పూలదండ వేయుట, ఆ అపవిత్రతకు దండ వేయుటయే. ఇది వినుటకు సులభము. ఊరిలో ఉండి ఆచరించుట ఎట్టిదో, పెండ్లిపత్రికను తిరుగగొట్టి చూచినవారికి తెలియును.

1899 నుండి 1904 వరకు నాయుడుగారు సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. కనుక పరిపక్వ వయస్సులో ఐదేండ్లు నిజాము రాజ్యములోనే గడిపిరి. ఆ కాలమున మన కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలు ఎట్లుండెనో మనకు తెలిసినదే. ఇక్కడ మేళము కూడ అక్కరలేదు. గడి చాలును. దొర కుమార్తె పెండ్లియై పోవునప్పుడు అరణముతోపాటు కొందరు పనిపిల్లలను వెంట పంపెడివారు. వారిని ఆడబాపలనిరి. చాకిరి చేయుట వారి పని, అత్తింటి దొర పిలిచినప్పుడు పోవుట కూడ వారి పనియే. వారి బిడ్డలకు తండ్రి పేరు లేదు. ఇదిగాక ఎల్లమ్మ పేర, పోచమ్మ పేర బీద దళిత కుటుంబముల ఆడపిల్లలను జోగినులుగా విడుచుట మన జిల్లాలోను, పొరుగున నిజామాబాదులోను చాల కాలము సాగినది. దేవతకు విడిచిన పిల్ల అని పేరు, ఊరి పెత్తందార్ల అనుభవము. ఆ పెత్తందారే పంచాయతి తీర్పరి. ఒక కూలివాని భార్య తప్పుచేసినదని జరిమానా వేయువాడు కూడ ఆయనే.

పల్లెటూరి పాదిరులమైన మాకు నాయుడుగారి మాట ఇక్కడ బాగుగా అర్థమగుచున్నది. నాయకుని వ్యభిచారము ఎల్లప్పుడును అధికారముతో కలిసియుండును. సామాన్యుడు పాపము చేయునప్పుడు అతని యిల్లు చెడును. నాయకుడు చేయునప్పుడు అతని చేతి క్రింది స్త్రీకి కాదనుటకు నోరుండదు. చూచినవానికి సాక్ష్యము చెప్పుటకు ధైర్యముండదు. బత్షెబ ఏమి అన్నదో గ్రంథములో లేదు. రాజు దూతలు వచ్చిరి, ఆమె వచ్చెను, అంతే యున్నది.

సికింద్రాబాదు విడిచిన పిమ్మట నాయుడుగారు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలై 1919 వరకు పనిచేసిరి. వారి పేరు నిలిచినది అక్కడనే. ఆడపిల్లలను మగపిల్లలతోపాటు కళాశాలలో చేర్చుకొనిరి. దళిత విద్యార్థులకు తలుపు తీసిరి. పిఠాపురము మహారాజుగారు వారికి శిష్యప్రాయులై, అనాథాశ్రమమునకును బ్రహ్మమందిరమునకును ధనమిచ్చిరి. జమీందారు ధనమును తీసికొనియు జమీందారుల మేళములను ఖండించుటలో నాయుడుగారు వెనుదీయలేదు. మందిరమునకు రేకులు ఇప్పించిన పెద్ద యెదుట నోరు మూసికొనువారు ఈ సంగతిని ఆలోచింపవలెను.

ఆయన స్వంత యింటి మాట. భార్య చిన్నతనముననే మరణించెను. అప్పటికి ఆయన యువకుడు, విద్యావంతుడు, ఉద్యోగస్థుడు. రెండవ వివాహము ఏ ధర్మమందును నిషేధము కాదు. అయినను మరల వివాహము చేసికొనక, తెల్లని వస్త్రములు ధరించి, మిగిలిన 50 ఏండ్లు బ్రహ్మచర్యముతో గడిపిరి. ఇల్లు మాత్రము శూన్యముగా లేదు. దిక్కులేని పిల్లలు ఆ యింట పెరిగిరి. ప్రజలు బ్రహ్మర్షి యని పిలిచిరి. మేము బ్రహ్మచర్యమును వివాహముకంటె పైమెట్టున పెట్టువారము కాము. పౌలు కూడ అధ్యక్షుడు ఏకపత్నీపురుషుడై యుండవలెనని తిమోతికి వ్రాసెనే గాని భార్య లేనివాడై యుండవలెనని వ్రాయలేదు. మాకు విలువైనదిగా తోచునది మరియొకటి. ఇతరుల గృహమును గూర్చి మాటలాడినవాడు తన గృహపు తలుపులు తెరచియుంచెను. ఎవరైనను లోపలికి వచ్చి చూడవచ్చును.

అయినను ఈ ఉద్యమములో ఒక లోపమున్నది, దానిని దాచుట న్యాయము కాదు. మేళములను మానుడని చెప్పినప్పుడు మేళము పెట్టించినవాడు మరునాడు కూడ పెద్దమనుష్యుడే. ఆడినదానికి మాత్రము అన్నము పోయెను. తరతరములుగా కళావంతుల స్త్రీలు కాపాడిన సంగీతమునకు, నాట్యమునకు కూడ ఆ మచ్చ అంటుకొనెను. యోహాను సువార్త 8వ అధ్యాయములో స్త్రీని పట్టుకొని తెచ్చిరి. పాపము చేయుచుండగా పట్టుబడెనని చెప్పిరి గాని, పురుషుడు ఎచ్చట? అతడు బహుశః రాళ్లు పట్టుకొన్నవారికి చుట్టమై యుండును. నాయుడుగారి శిష్యులలో యామినీ పూర్ణతిలకంగారు కళావంతుల కుటుంబము నుండి వచ్చినవారు. ఆమె మద్రాసులో హిందూ యువతీ శరణాలయమును నెలకొల్పి, తమవారి ఆడపిల్లలకు చదువును, ఆశ్రయమును ఇచ్చిరి. ఉద్యమము మరచిన సగము పనిని ఆమె చేసిరని మా అభిప్రాయము.

నాయుడుగారిని రాజకీయములలో తప్పుపట్టినవారు కూడ కలరు. రవీంద్రనాథ టాగూరుగారు 1919లో సర్ బిరుదును విడిచిపెట్టగా, నాయుడుగారు 1924లో దానిని స్వీకరించిరి. ఆ సంవత్సరపు క్రిస్మసు దినముననే మన మెదకు మహాదేవాలయము ప్రతిష్ఠింపబడెను. తరువాత 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. స్వరాజ్యమును కోరిన యువకులకు బిరుదుల గురువు నచ్చకపోవుట సహజమే. అయినను వారి శిష్యులలోనే స్వాతంత్ర్య యోధులు బయలుదేరిరి. గురువు రాజకీయమును విడిచి గురువు నడతను తీసికొనిరి. ఒక మనుష్యుని అన్ని విషయములలో అంగీకరించుట అవసరము కాదు.

ఇక మన సంఘముల మాట. కొందరు సహోదరులు మాతో వాదించుచు, వ్యభిచారము ఇప్పుడు నేరమే కాదు, సుప్రీము కోర్టే కొట్టివేసినది అనుచున్నారు. నిజమే. 2018 సెప్టెంబరు 27న శిక్షాస్మృతి 497వ సెక్షను కొట్టివేయబడినది. కాని ఏల కొట్టివేయబడినదో వారు చదువలేదు. ఆ సెక్షను పరుని భార్యను కూడినవానిని, ఆ పరుడు సమ్మతింపని యెడలనే శిక్షించును. భర్త తప్పిపోయినచో భార్య ఫిర్యాదు చేయుటకు అందులో చోటు లేదు. భార్యను భర్త సొమ్ముగా ఎంచిన చట్టమని న్యాయమూర్తులు దానిని త్రోసివేసిరి. వ్యభిచారము విడాకులకు కారణముగా నేటికిని నిలిచియున్నది. మన క్రైస్తవుల చట్టమును చూచిన సిగ్గుపడవలెను. 1869 నాటి విడాకుల చట్టము క్రింద భార్య తప్పిపోయినదని మాత్రమే చూపి భర్త విడాకులు పొందవచ్చును. భార్యకైతే అది చాలదు, క్రూరత్వమునో విడిచిపెట్టుటనో కూడ రుజువు చేయవలెను. ఈ భేదము 2001లోగాని పోలేదు. 130 ఏండ్లకు పైగా మన బల్లలమీద కూర్చున్న స్త్రీలు ఆ భారమును మోసిరి.

చెరసాల భయము పోయినంత మాత్రమున సంఘపు పెద్దరికమునకు అర్హత వచ్చినదా? 1 తిమోతి 3వ అధ్యాయము నేరస్థులను గూర్చి వ్రాసినది కాదు. తన యింటివారిని బాగుగా ఏలనేరనివాడు దేవుని సంఘమును ఎట్లు పాలించునని అపొస్తలుడు అడిగెను. ఆ ప్రశ్న చట్టము మారినందున మారదు. చందా పళ్లెము పట్టుకొని భర్త ముందుకు నడుచుచుండగా, భార్య వెనుక బల్లమీద తలవంచుకొని కూర్చుండుట మన సంఘములలో కనబడని దృశ్యము కాదు. కొందరు భార్యలు ఆ బల్లమీద కూడ లేరు. తల్లిగారింట ఉన్నారు.

ఇక్కడ రెండు మాటలు కలియరాదు. దావీదు క్షమింపబడెను. నాతాను ఆ మాట వెంటనే చెప్పెను. క్షమాపణకు, ప్రభురాత్రి భోజనమునకు, తిరిగి చేరుటకు పశ్చాత్తాపపడిన ఎవనికిని తలుపు మూయరాదు. కాని క్షమింపబడిన దావీదు ఇంటనుండి కత్తి తొలగలేదు. అమ్నోను, అబ్షాలోముల కథ తరువాతి అధ్యాయములలో ఉన్నది. క్షమాపణ వేరు, పెత్తనము వేరు. మనవారు ఒకదానిని చూపి రెండవదానిని అడుగుచున్నారు.

అపవాదులను గూర్చి కూడ చెప్పవలెను. ఎన్నికల ముందు రాత్రి పుట్టి ఎన్నికల మరునాడు చచ్చు కథలు మన ఊళ్లలో కొల్లలు. పెద్దమీద దోషారోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే గాని అంగీకరింపవలదని అదే పత్రిక 5వ అధ్యాయములో వ్రాయబడినది. ఫోనులో తిరుగు చిత్రము సాక్షి కాదు. నాతాను మొదట బజారులో చాటింపు వేయలేదు. రాజు ఎదుట నిలిచి చెప్పెను. నాయుడుగారి జీవితములో మాకు నచ్చినది ఇదియే. వారు గోడలమీద వ్రాయువారు కారు. తాను ఎచ్చటికి పోవలెనో, ఎచ్చటికి పోరాదో నిర్ణయించుకొని, ఆ నిర్ణయమును అందరికి కనబడనిచ్చిరి.

ఆ కార్యము మన ప్రాంతమునకు చాల ఆలస్యముగా వచ్చెను. మద్రాసు రాష్ట్రములో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టము 1947లో వచ్చినది. అది నిజాము రాజ్యమునకు వర్తింపలేదు. పొరుగు నిజామాబాదు పల్లెలలో జోగినుల మధ్య హేమలతా లవణంగారు ఏండ్ల తరబడి పనిచేసిరి. ఆమె మన గుఱ్ఱం జాషువా కవిగారి కుమార్తె. ఆంధ్రప్రదేశ్ శాసనసభ జోగినీ దురాచారమును నిషేధించు చట్టమును చేసినది 1988లో. హేమలతగారు 2008లో కన్నుమూసిరి.

వెంకటరత్నం నాయుడుగారు 1939 మే 26న కాకినాడలో మరణించిరి. వీరేశలింగం పంతులుగారు పోయినది 1919 మే 27న. ఇద్దరి మధ్య 20 ఏండ్లు, ఒక దినము తక్కువ.